తెయోఫీల్ డ్రమ్ములో రుమాలు

ఒనెజీమ్‌కి ముందు పన్ను కదులుతోంది. అది ఊడితే కార్నెట్ బాకా ఊదలేడు. న్యూ ఆర్లీన్స్‌లో ఇన్నేళ్ళు ఎన్ని శవయాత్రల ముందు నడిచి ఊదినా తన పేరు మీద ఒక్క ఆల్బం లేదు. ఇవాళ కుదరాలి. లేకపోతే ఇక లేదు.

బ్యాండు సంఘం హాల్లో, బయటి చప్పుడు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టారు. పొద్దుటి నుంచి ఒకటే పాట, సమాధుల దాకా నడుస్తూ వాయించే నెమ్మది పాట. టేపు వెనక్కి తిప్పి వింటే, కార్నెట్ ఒక్కటే ఉండాల్సిన చోట డ్రమ్ము వినబడుతోంది. గుడ్డ కప్పినట్టు, మూగగా.

"అక్కడ కొట్టొద్దన్నానా ఫెర్డీ?" అని డ్రమ్ము కుర్రాణ్ణి అడిగాడు ఒనెజీమ్.

"కర్రలు సంకలో పెట్టుకుని కూర్చున్నా పెద్దాయనా. అది మీ పన్ను చప్పుడేమో."

రికార్డు చేసే కెల్బీ తీగలన్నీ తడిమి చూశాడు. "నా మిషన్లో ఏం లేదు" అన్నాడు.

ఒనెజీమ్ డ్రమ్ము వంక చూశాడు. అది తెయోఫీల్‌ది. జీవితమంతా పక్కన నడిచినవాడు, పోయిన నెల పోయాడు. "ఆయన లేకుండా నీ ఆల్బం ఏంటి మరిదీ" అని తెయోఫీల్ భార్య దాన్ని ఇక్కడికి పంపింది.

"వాణ్ణి సమాధికి తీసుకెళ్ళిన రోజు దీన్ని మోసింది నువ్వే కదా ఫెర్డీ. కింద రుమాలు తీశావా?"

ఫెర్డీ డ్రమ్ము వంచి అడుగు చూశాడు. రుమాలు అక్కడే ఉంది. శవంతో వెళ్ళేటప్పుడు డ్రమ్ము గొంతు మూయడానికి అడుగున రుమాలు దోపుతారు. శవాన్ని సమాధి లోపల పెట్టాక అది లాగేసి, హుషారు పాటతో వెనక్కి వస్తారు. అప్పుడే పోయినవాడిని వదిలినట్టు. తెయోఫీల్‌ని పెట్టిన రోజు శ్మశానం గేటు దగ్గరే కుండపోత వాన. అందరూ టోపీలు పట్టుకుని పరిగెత్తారు. తిరుగు పాట ఎవరూ వాయించలేదు.

"మనం వాణ్ణి వదల్లేదురా. అయిపోయిందని వాడికెవరు చెప్పారు? ఇంకా మన వెంటే నడుస్తున్నాడు."

నెల నుంచి తన ఇంటి మెట్ల మీద అదే చప్పుడు వింటున్నాడు ఒనెజీమ్. ఎవరికీ చెప్పలేదు. దాన్ని పోగొట్టుకోవాలనిపించలేదు.

కార్నెట్ చేతిలోకి తీసుకుని, "తియ్యి" అన్నాడు.

ఫెర్డీ రుమాలు లాగాడు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నెలైనా ఇంకా తడిగానే ఉంది పెద్దాయనా."

కెల్బీ టేపు వదిలాడు. ఒనెజీమ్ నెమ్మది పాట ఊది, ఆగకుండా తిరుగు పాట ఎత్తుకున్నాడు. ఫెర్డీ చేతుల కింద డ్రమ్ము టపటపా పేలింది. మధ్యలో పన్ను ఊడింది. నోట్లో ఉప్పగా ఉన్నా చివరిదాకా ఊదాడు.

తిప్పి విన్నారు. నెమ్మది పాటలో మూగ డ్రమ్ము ఉంది. తిరుగు పాట మొదట్లో, ఫెర్డీ దెబ్బల వెనక కూడా ఉంది. తర్వాత వీధి తలుపు దాటి, దూరంగా, ఇంకా దూరంగా పోయింది.

"ఆ చప్పుడు లేకుండా ఇంకోసారి చేద్దామా?" అన్నాడు కెల్బీ.

"పన్ను లేని నోటికి ఇంక ఊదటం రాదు. వచ్చినా చెయ్యను. ఆల్బంలో వాడుండనీ."

ఊడిన పన్ను ఆ రుమాల్లోనే చుట్టాడు. రుమాలు అప్పటికే ఆరిపోయింది.

సాయంత్రం ఇంటి మెట్లెక్కుతూ, మలుపు దగ్గర ఆగాడు. వెనక ఆ డ్రమ్ము చప్పుడు కోసం చూశాడు. ఎవరూ రాలేదు. మిగతా మెట్లు ఒక్కడే ఎక్కాడు.