నీలి చేసిన కారు బేరం

గట్ల కాదు అనితా, బిడ్డా. మీ నాయిన కారు కొన్నడని రాసినవా? కొట్టెయ్యి గా మాట. మీ నాయిన మోజుపడ్డడు, గంతే. కొన్నది మీ యాడి, మీ అమ్మ నీలి. నువ్వు అప్పటికి పుట్టలేదు. మీ నాయినమ్మను, నేను మెల్లగ చెప్పుకుంట పోత, నువ్వు బళ్లె నేర్చిన తెలుగుల మంచిగ రాయి. ఆఁ, ఇగ రాయి.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులన్నీ డిపోల్లో పడుకున్నాయి. బయ్యారం దగ్గరి తండాలో నీలికి ఇద్దరు పిల్లలు. బలరాం అప్పుడప్పుడే బడికి పోతున్నాడు. శిరీష వాడికంటే చిన్నది, వాన పడితే చాలు దానికి ఆయాసం. ఒక వానపొద్దు ఆ పిల్లకు ఊపిరాడక ఎగపోస్తుంటే, మొగుడు జైపాల్ మోటార్ సైకిలు మీద నలుగురూ మానుకోట దవాఖానకు బయలుదేరారు. బలరాంను నడుమ ఇరికించి, శిరీషను గొంగడిలో చుట్టి ఒడిలో పెట్టుకుంది నీలి. సగం దారిలో బండి మొరాయించింది. జైపాల్ కిక్కు కొడుతూనే ఉన్నాడు, వాన కొడుతూనే ఉంది. ఎలాగో దవాఖాన చేరారు, పిల్ల దక్కింది. కానీ ఆ రోజు నుంచి నీలికి ఒకటే పట్టు. కారు కావాలి. పాతదైనా పర్వాలేదు, తాళం తిప్పగానే కదలాలి, పిల్లలు కింద పడకూడదు.

ఆ ఏడు మిర్చి బాగా పండింది కాబట్టి జైపాల్ కూడా సరేనన్నాడు. కాకపోతే అతని చూపు వేరు. కారంటే తెల్లగా ఉండాలి, దాని హారను తండా మొత్తానికి వినబడాలి.

అలాంటి కారే జనగామలో దొరికింది. వెంకట్రాం అని తరిగొప్పుల వైపు పెద్ద రైతు, జనగామలో ఇల్లు కట్టుకొని రాజకీయాల్లో తిరుగుతున్నాడు. అతను కారు అమ్ముతున్నాడని తెలిసి, నలుగురూ షేర్ జీపులో కూరుకొని పోయారు. వాళ్లు గేటు దగ్గరికి వచ్చేసరికే కారు కడిగి, మిరపకాయలూ నిమ్మకాయా కట్టి ఉంది. ఇంజను కూడా నడుస్తూనే ఉంది. మీరొస్తారని వేడిచేసి పెట్టానన్నాడు వెంకట్రాం. జైపాల్ హారను నొక్కాడు. అది సన్నాయి పాట పాడింది. ఇంకోసారి నొక్కాడు. ఇక అతని పని అయిపోయిందని నీలికి అర్థమైంది.

"ఇంట్ల ఆడోళ్ల బండి తమ్మీ," అన్నాడు వెంకట్రాం. "గుడికి పోవుడు, ఇంటికొచ్చుడు. గంతే."

నీలి కారు చుట్టూ తిరిగింది. పైకప్పు వదులైన నులకమంచంలా మధ్యలో కుంగి ఉంది. ఎందుకని అడిగితే మామిడికొమ్మ విరిగి పడిందన్నాడు. ముందు అద్దం మీద గీకేసిన జిగురు మరకలేమిటంటే మనవళ్ల బొమ్మలన్నాడు. ఆమె తలూపి, పిల్లలిద్దరినీ దగ్గరికి పిలిచి, తమ లంబాడీ భాషలో చెవిలో ఏదో చెప్పింది. ఇంట్లో ఏ పని చేస్తే దెబ్బలు పడతాయో ఆ పనులన్నీ ఇవాళ ఈ కారులో చేయవచ్చని చెప్పింది.

పిల్లలు కారులో పడ్డారు. కాసేపటికి బలరాం తలుపు పిడి ఊడబెరికి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. శిరీష సీటు మీద ఎగిరితే లోపలి స్ప్రింగు బయటికి వచ్చి చూసింది. వెనక తలుపు ఎవరూ ముట్టకుండానే తెరుచుకుంది. జైపాల్ మాత్రం పిల్లల చేతులు ఊరికే ఉంటాయా అని వెంకట్రాం తరఫున తనే సర్దిచెప్పి, బయానా ఇద్దామని నడుముకు కట్టుకున్న డబ్బు సంచి మీద చెయ్యి వేశాడు.

నీలికి ఒక్కటే అనుమానం మిగిలింది. ఇంతసేపైనా ఈ మనిషి ఇంజను ఎందుకు ఆపడం లేదు?

"ఒక్క చుట్టు తిప్పి చూద్దాం పటేలా," అంది.

వెంకట్రాం కారును గల్లీలోకి తిప్పబోయాడు. నీలి అటు వద్దంది. పిల్లలకు ఆకలవుతోంది, వచ్చేటప్పుడు పెద్దరోడ్డు మీద వంటావార్పు చూశాను, అక్కడ ఇంత అన్నం దొరుకుతుంది, అటే పోదాం అంది. పిల్లల ఆకలికి ఎవరు మాత్రం కాదనగలరు?

హైదరాబాద్ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి ఉన్నాయి. ఒక గుండిగలో అన్నం, ఒక గుండిగలో పప్పు. అటూ ఇటూ ఆగిన బండ్ల మీద జెండాలో స్టిక్కర్లో ఏదో ఒకటి ఉంది. వీళ్ల కారు ఒక్కటే బోడిగా ఉంది. వంట చూస్తున్న భూదేవి గరిటె పట్టుకొనే అడ్డం వచ్చింది.

"ముందుగాల బంద్ చెయ్యన్నా. పొయ్యిల పొగ చాలదా మాకు?"

వెంకట్రాం ఒక క్షణం తటపటాయించి ఇంజను ఆపాడు. భూదేవి కారును కింది నుంచి మీది దాకా చూసింది. "జెండా లేదు, ఏం లేదు. ఎవలది గీ బండి?"

నీలి వెనక సీటులోంచి అమాయకంగా తల బయటపెట్టింది. "ఏమనకు అక్కా. పాపం, గీ బండి గుడికి తప్ప ఏడికీ పోలేదట. ఉద్యమానికి ఒక్కనాడు రాలేదట."

చుట్టూ అన్నం తింటున్నవాళ్ల చేతులు ఆగాయి. రేపు ఓటు వేయాల్సిన వాళ్లంతా తననే చూస్తున్నారు. వెంకట్రాం దిగి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి పారేశాడు.

"రాలేదా? ఏ ర్యాలీకి రాలేదు చెప్పు. డప్పులోళ్లంత దీని మీదనే ఎగిరిండ్రు!"

"అయ్యో, గట్లనా పటేలా," అంది నీలి. "గందుకేనా మీద కుంగింది? మరి అద్దం?"

ఇక ఆగలేదు. మైకు పెట్టెలు మోసిన సంగతి, అద్దం పగిలితే కొత్తది వేయించి దాని మీదా ఉద్యమం స్టిక్కర్లే అంటించిన సంగతి, అర్ధరాత్రి కాలువలో పడితే ఎడ్లను కట్టి గుంజిన సంగతి అన్నీ చెప్పాడు. ఒక్కో సంగతికి జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినప్పుడల్లా నీలి ఇంకో ప్రశ్న అందించింది. జైపాల్ చెయ్యి మాత్రం సంచి మీద నుంచి మెల్లగా జారి, భూదేవి ఇచ్చిన విస్తరి అందుకుంది.

పొద్దు వాలుతుండగా రాస్తారోకో ఎత్తేశారు. అందరూ బండ్లు తీస్తున్నారు. వెంకట్రాం తాళం తిప్పాడు. కారు గొంతు సవరించుకొని ఊరుకుంది. ఎవరూ పిలవకుండానే పదిమంది పోరగాళ్లు చేతులు కడుక్కొని కారు వెనక్కి వచ్చి నిలబడ్డారు.

"అన్నా, రెండో గేరుల పెట్టు. ఎప్పటిలెక్కనే," అన్నాడొకడు.

శిరీష కూడా సంబరంగా పోయి చిట్టి చేతులతో తోసింది.

నీలి అది చూడటం లేదు. ఆమె కళ్లు పక్క వరసలో ఉన్నాయి. బురద కొట్టుకుపోయిన ఒక చిన్న పాత కారు, పొద్దటి నుంచి ఎండలో నిలబడ్డది, ఒక్క తిప్పుకే చప్పుడు లేకుండా కదిలింది. నీలి ఉరికి పోయి దాని అద్దం కొట్టింది. లోపల యాకయ్య అనే ముసలాయన, వెనక నిద్రపోతున్న ఇద్దరు మనవలు. అమ్ముతావా అని అడిగేసింది.

"దీన్ని అమ్మితే మా ముసల్ది నన్ను అమ్ముతది బిడ్డా," అన్నాడాయన. కానీ నీలి మొహం చూసి, తన బావమరిదికీ ఇలాంటిదే ఉందని, కంటిచూపు తగ్గి నడపడం లేదని, రేగొండకు పోయి చూడమని చెప్పాడు.

రేగొండకు పోయేముందే నీలి కబురు పంపింది. మేము వచ్చేదాకా ఇంజను ముట్టవద్దు అని. పోగానే బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. పిల్లల్ని లోపలికి తోలి, వెనక తలుపులు వేయించి, తెరిచినవాళ్లకు జిలేబి అంది. బలరాం గుంజాడు, తన్నాడు, చివరికి ఏడ్చాడు. తలుపు రాలేదు, పిడీ ఊడలేదు. అప్పుడు నీలి ముందు సీటులో కూర్చొని తాళం తనే తిప్పింది. బండి పలికింది. ఆపి మళ్లీ తిప్పింది. మళ్లీ పలికింది. పిల్లవాడికి జిలేబీ, యాకయ్య బావమరిదికి బయానా ఇచ్చారు.

కారుది వంకాయ రంగు. హారను మేకపిల్ల అరిచినట్టు ఉంటుంది. జైపాల్ కొన్నాళ్లు దాన్ని తండా చివరే ఆపి ఇంటికి నడిచి వచ్చాడు. మళ్లీ ముసురు పట్టి శిరీషకు ఎగపోసినప్పుడు, ఆ కారు వానలో ఎక్కడా ఆగకుండా మానుకోట చేరింది. దారిలో పిల్ల తల్లి ఒడిలో నిద్రపోయింది. అది లేస్తుందని జైపాల్ దవాఖాన దాకా హారను ముట్టలేదు.

బస్, గింతే. ఇగ గిది భూపాలపల్లిల ఉన్న మీ గోరీ అత్తకు ఫోన్ చేసి సదివి వినిపియ్యి. వాళ్లాయన పిల్లల కోసమని ఫోన్ల ఫోటో చూసి కారు కొంటనంటుండట. జర మెల్లగ సదువు బిడ్డా. ఆయన ఇంట్ల ఉన్నప్పుడే చెయ్యి, ఫోన్ల మాట బయటికి పెట్టమను, ఆయనకు గూడ వినబడాలె.