తొమ్మిది నిమిషాల పదకొండు సెకన్లు

డిసెంబరు వచ్చిందంటే లిస్టక్కకి తల ప్రాణం తోకకొస్తుంది. ఆ ఏడాది వచ్చిన, క్లబ్బుల్లో ఆడించే టెక్నో, డాన్స్ ట్రాకులన్నీ విని, మేలైన ఇరవై ఏరి పత్రికకి ఇవ్వడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా ఇస్తోంది. ఆ ఇరవైలో పడితే క్లబ్బులవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. పడకపోతే ఆ ట్రాకు చేసినవాడి గోడు వినే నాథుడుండడు. ఆమె అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. ఇంటికి ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా లిస్టక్కా అనే పిలుస్తాడు.

ఈసారి వచ్చినవి ఆరువందల నలభై మూడు. జూలై నుంచి ఆమె కుడి చెవిలో ఒకటే ఈల. చెవికి విశ్రాంతి ఇవ్వమంది డాక్టరమ్మ. విశ్రాంతి ఇస్తే లిస్టెవరిస్తారు, ఆవిడిస్తుందా?

అందుకే ఆమెకో పద్ధతి ఉంది. ఒక్కో ట్రాకులో మొదట పది సెకన్లు, మధ్యలో ఇరవై, చివర పది వింటుంది. మూడేళ్ల కిందట జ్వరమొచ్చినప్పుడు, ఈ ఒక్క వారానికే అనుకుని మొదలుపెట్టింది. జ్వరం తగ్గింది గానీ పద్ధతి ఉండిపోయింది. తప్పని తెలుసు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున్నకి ఇరవై తేలాయి. ఒకదాంట్లో ఎవరో ఇనప మెట్ల మీద దిగుతున్న చప్పుడే తాళం. ఇంకోదాంట్లో ఒక ముసలావిడ దగ్గుని తీసుకుని, ఊళ్లో కుర్రకారంతా గంతులేసేలా చేశారు. అన్నిటికీ నాలుగేసి వాక్యాలు రాసి, సాయంత్రం ఐదింటికి ఎడిటరు మొహాన కొడితే ఈ ఏటికి గండం గడిచినట్టే. లిస్టులోకి రానివాళ్లకి కూడా తలా ఒక వాక్యం జవాబు ఎప్పటికప్పుడు రాసెయ్యడం ఆమె అలవాటు. అందరిలాగా నేను ఊరకుండిపోను, మర్యాద తెలిసినదాన్ని అని లోలోపల కాస్త గర్వం కూడాను.

పదింటికి తమ్ముడి భార్య ఫోన్ చేసింది.

"వదినా, మీరొకసారి ఈయన పనిచేసే లాండ్రీకి రాగలరా? ఈయన కీబోర్డూ డ్రమ్ మిషనూ అన్నీ పక్కవీధి స్నేహితుడికి ఇచ్చేశారు. ఇక పాటల మాటెత్తొద్దంటున్నారు."

"ఏమొచ్చింది వాడికి?"

"నాలుగో మిషన్ అన్న పేరుతో మీకో ట్రాకు వచ్చింది చూశారా? అది ఆయనదే. తమ్ముడని తెలిస్తే మొహమాటపడతారని పేరు మార్చి పంపారు. మీ జవాబొచ్చి మూడు వారాలైంది. అప్పటినుంచి మనిషి మనిషిలో లేరు."

ఆమె జవాబుల పెట్టె తెరిచి చూసుకుంది. 'మొదటి నుంచి చివరిదాకా ఒక్కలాగే ఉంది, కదలిక లేదు.' తన రాతే. ఆ ట్రాకుని ఫోన్‌లోకి దించుకుని బయల్దేరింది.

చిన్నప్పటి నుంచి వాడు డబ్బా మీద దరువేసినా, పళ్లెం మీద చెంచాతో కొట్టినా "బాగుందిరా నాన్నా" అనేది. అనీ అనీ ఆ మాటకి విలువ లేకుండా పోయింది. అందుకే వాడు పరాయివాడిలా పంపుకున్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎడమ చెవిలో ఆ ట్రాకు పెట్టుకుంది. నిడివి తొమ్మిది నిమిషాల పదకొండు సెకన్లు. మూడో నిమిషంలోనే అలవాటుకొద్దీ వేలు ముందుకి జరపబోయింది. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

బట్టలుతికే పెద్ద మిషను తిరుగుతున్న చప్పుడు అది. తిరిగిన ప్రతిసారీ ఏదో ఒకటి చేరుతోంది, ఒక నీటి చుక్కంత, ఒక బొత్తాం తగిలినంత. గడియారంలో చిన్నముల్లు జరిగినట్టు జరుగుతోంది. మూడుచోట్ల తొంగిచూసి పోయేవాళ్లకి ఎక్కడ చూసినా అదే చప్పుడు. కూర్చుని వింటే మాత్రం ఏడో నిమిషానికి గుండె గొంతులోకొస్తుంది. తన కాలు తాళం వేస్తోందని ఎదుటి సీటాయన చూసేదాకా ఆమెకి తెలియనేలేదు. ఈ ఏడాది ఇంతకంటే మంచిది రాలేదు. ఆమెకి ఏడుపొచ్చింది. తమ్ముడి మీద ప్రేమతో కాదు, సిగ్గుతో.

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. ఆవిరి వాసన, గోడ పొడుగునా అంకెలు వేసిన ఆరు మిషన్లు. తమ్ముడు బల్ల దగ్గర ఒక్కడే దుప్పట్లతో కుస్తీ పడుతున్నాడు. ఆమె ఎదురుగా నిలబడి దుప్పటి రెండో కొసలు పట్టుకుంది. ఇద్దరూ దగ్గరికొచ్చి మడత పెట్టారు, వెనక్కి వెళ్లారు.

"నీ మరదలు చెప్పిందా?"

"చెప్పింది. ఒరేయ్, ఇప్పుడే విన్నాను. చాలా బాగుంది."

"అంటావు. తమ్ముడని తెలిసిందిగా." వాడి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "వద్దులే అక్కా. నేనని తెలియక రాసిందే నిజం."

ఇక ఏం చెప్పినా వీడు నమ్మడు, ఒక్క మాట తప్ప. ఆ మాట బయటపడితే ఇరవై రెండేళ్ల పేరు గంగపాలు. ఆమె దుప్పటి కొసలు గట్టిగా పట్టుకుంది.

"అప్పుడు నేను వినలేదురా."

"వినకుండానే రాశావా?"

"నలభై సెకన్లు విన్నాను. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క. మూడేళ్లుగా అందరివీ అలాగే వింటున్నాను. ఓపిక లేదురా."

వాడు పకపకా నవ్వాడు. నవ్వుతూనే భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

"తొమ్మిది నిమిషాలూ విన్నావనుకున్నానే! అంతా విని కూడా నీకేమీ దొరకలేదనుకుని చచ్చిపోయాను. రేపెళ్లి కీబోర్డు వెనక్కి అడుగుతా. వాడిస్తే అదృష్టం."

ఇంకో రెండు దుప్పట్లు మడతపడ్డాయి. ఆమెకి కాస్త తేలికపడింది. అప్పుడు వాడు అడిగాడు.

"మరి మిగతావాళ్లో?"

"ఎవరు?"

"నీ జవాబు చదువుకున్నవాళ్లు. వాళ్లకి అక్కలు లేరు కదా."

ఆమె చేతిలోంచి దుప్పటి జారింది. తీయలేదు. ఫోన్ తీసి ఎడిటరుని పిలిచింది.

"లిస్టు ఈ సాయంత్రం రాదు."

"రేపా?"

"ఆరువందల నలభై మూడున్నాయి. మళ్లీ వినాలి. ఒక్కోటీ పూర్తిగా."

ఎడిటరు కేకలు దుప్పట్ల అవతలికి కూడా వినిపించాయి. అవి అయ్యేదాకా ఫోన్ దూరంగా పట్టుకుంది. ఎందుకని అడిగితే, జరిగింది దాచకుండా చెప్పింది. అంతా విని ఎడిటరు ఫోన్ పెట్టేశాడు. వచ్చే డిసెంబరుకి ఈ పని ఉంటుందో ఊడుతుందో తెలియదు.

"ముందు ఆ చెవి సంగతి చూసుకోవే," అన్నాడు తమ్ముడు.

"రోజుకి నాలుగైదు వింటాను, ఎడమ చెవితో."

"అలా అయితే ఏప్రిల్ దాటుతుంది."

"దాటనీ."

ఉతికిన దుప్పట్ల మూట మీద కూలబడి, వరసలో మొట్టమొదటి ట్రాకు పెట్టింది. ఎవరిదో, ఎనిమిది నిమిషాలుంది. ఏమీ బాగాలేదు. చెయ్యి తొడ కింద పెట్టుకుని చివరిదాకా వింది.