ట్రాలీ నిండా ఫోన్లు

కోడలు కడుపుతో ఉందన్న సంగతి అత్తకు ఎవరు చెప్పాలి? కోడలు చెప్పాలి, కాదంటే కొడుకు చెప్పాలి. మా దగ్గర సూపర్‌వైజర్ చెప్పాడు. పొద్దున్నే గేటు దగ్గర, షిఫ్టు మొత్తం వింటుండగా చెప్పాడు.

"నువ్వు లోపలికి రానక్కర్లేదమ్మా" అన్నాడు. "ఆదివారం ఆదివారం కాన్పుల డాక్టర్ దగ్గరికి వెళ్తున్నావుగా. ఇక్కడ చూస్తే వేడి, బరువులు. రేపు ఏమన్నా అయితే కంపెనీ మీదికొస్తుంది. కాన్పయ్యాక కనపడు, అప్పుడు చూద్దాం."

మాది ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. నెత్తుటి మరకలు, మందుల వాసన, ఆవిరి, వీటి మధ్యే మా బతుకు. ఆ పిల్లను మేమందరం కోడలనే పిలుస్తాం, ఎందుకంటే వాళ్ల అత్త కూడా మా మడత బల్ల దగ్గరే పని చేస్తుంది. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలు పట్టుకుని దులపాలి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. అత్తాకోడళ్లిద్దరూ ఒక జత. వాళ్లు మడిచినంత చకచకా మాలో ఎవరూ మడవలేరు.

కోడలి మొహం పాలిపోయింది. పని పోయినందుకే కాదు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఈసారి గట్టిగా నమ్మకం కుదిరేదాకా ఎవరికీ చెప్పకూడదని మొగుడూ పెళ్లాలు అనుకున్నారు. ఆశపడి మళ్లీ కుమిలిపోతుందేమోనని అత్తకు కూడా చెప్పలేదు. ఆ మాట ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో ఆ పిల్ల ఎన్నిసార్లు అనుకుందో. దాన్ని వాడు గేటు దగ్గర చెత్త విసిరినట్టు విసిరేశాడు.

"కంపెనీకి చెప్పావా అమ్మాయ్, నాకు చెప్పకుండా?" అంది అత్త.

"నేనెవరికీ చెప్పలేదత్తయ్యా."

"మరి వీడికెలా తెలిసింది?"

మేం సరైన ప్రశ్నే పట్టుకున్నాం. జవాబు మాత్రం తప్పు మనిషి దగ్గర వెతికాం. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా బల్ల దగ్గర రేడియో అని ఒకామె ఉంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం బెల్లు కొట్టేదాకా ఆ స్టేషన్ ఆగదు. ఒక ఆదివారం కోడలు ఆస్పత్రి మెట్లు దిగుతుంటే చూసింది ఈమె ఒక్కతే. ఇంకేం, తీర్పు అయిపోయింది.

"నేను చూసిన మాట నిజం. చెప్పిన మాట మాత్రం అబద్ధం" అంది రేడియో. "నేను చెప్పనివి కూడా ఉంటాయే తల్లీ."

ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచి ఆమె దుప్పటికి అవతలి కొసలు పట్టుకునే మనిషి లేకుండా పోయింది. నడుమ భాగాన్ని గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు చాచి, ఒక్కతే మడిచేది. మడత వంకర పోయేది, సూపర్‌వైజర్ తిట్టేవాడు. మేం తలొంచుకుని మా పని చేసుకునేవాళ్లం. రేడియో మూగబోయిందని ఒకళ్లిద్దరు నవ్వారు కూడా.

అసలు దొంగ మా జేబుల్లోనే ఉన్నాడు. పనిలో చేరిన రోజునే కంపెనీవాళ్లు మా ఫోన్లు తీసుకుని హాజరు యాప్ ఎక్కించారు. అది ఏదో అడిగేది, మేం ఓకే నొక్కేవాళ్లం. మళ్లీ అడిగేది, మళ్లీ నొక్కేవాళ్లం. నొక్కకపోతే హాజరు పడదు. ఏం అడుగుతోందో చదివి నొక్కేంత తీరిక ఎవరికుంది?

కోడల్ని పనిలోకి తీసుకోమని అడగాలని మీటింగు పెట్టుకున్నాం. ఉతుకుడు మిషను నడిపే డ్రమ్మన్న ఇంట్లో, పని దిగాక. రేడియోని పిలవలేదు. వ్యానుకు మూటలెత్తే లోడింగన్న మంచి జాగ్రత్త చెప్పాడు.

"ఫోన్లు మోగితే ఇరుగుపొరుగుకి అనుమానం వస్తది. సందు మొదట్లోనే అందరూ ఆపేయండి."

మాకు ఆ మాట తెగ నచ్చింది. సందు మొదట్లో వరసగా నిలబడి, ఒకళ్ల తర్వాత ఒకళ్లం ఫోన్లు ఆపేశాం. పెద్ద రహస్యం కాపాడినట్టు ఒకళ్ల మొహం ఒకళ్లం చూసి నవ్వుకున్నాం కూడా.

మర్నాడు గేటు దగ్గర సూపర్‌వైజర్ పేర్లు చదివాడు. మీటింగుకు వచ్చినవాళ్లందరి పేర్లూ చదివాడు. "మీటింగులు పెట్టుకునే తీరిక ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండండి. ఎప్పుడు రావాలో మేమే కబురు చేస్తాం" అన్నాడు. అతను చదవని పేరు ఒక్కటే, ఎవరింట్లో మీటింగు పెట్టుకున్నామో ఆ డ్రమ్మన్నది.

ఇక చూడాలి మా రభస. గేటు బయటే డ్రమ్మన్న చొక్కా పట్టుకున్నారు. కొందరు రేడియో మీదికి తిరిగారు.

"నన్నెందుకు పీకుతారు?" అంది రేడియో. చాలా రోజుల తర్వాత ఆమె గొంతు అంత పెద్దగా విన్నాం. "నన్ను పిలిచారా మీరు? ఎవరొచ్చారో ఎవరు రాలేదో నాకేం తెలుసు? తెలియంది ఎలా చెప్తాను?"

"అయితే నువ్వే" అన్నాడు లోడింగన్న, డ్రమ్మన్న చొక్కా ఇంకా గట్టిగా పట్టుకుని. "నీ పేరెందుకు లేదు మరి?"

"నాకేం తెలుసురా. టీ పెట్టడం, చాపలు వేయడం, వీటితోనే సరిపోయింది నాకు. నా ఫోను రోజూలాగే గూట్లో చార్జింగులో పడుంది."

"ఆపలేదా?"

"మా ఇంట్లో నేనుండి ఫోను ఎందుకు ఆపుతాను?"

కోడలు కూడా ఆ గుంపులోనే ఉంది. పని లేకపోయినా అత్తను దిగబెట్టడానికి వచ్చింది. అత్త ఆమెతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు. ఆ పిల్ల మెల్లగా అంది:

"అన్నా, చొక్కా వదులు. ఆపినవాళ్ల పేర్లే చదివాడు."

లోడింగన్న ఆమె వైపు తిరిగాడు.

"అందరూ ఒకే చోట, ఒకేసారి ఆపారు" అంది మళ్లీ. "నేను ఆస్పత్రికి వెళ్లిన ఆదివారాలు నా ఫోను నా సంచిలోనే ఉంది."

లోడింగన్న చేయి జారిపోయింది. మేమే పోయి కంపెనీ తలుపు తట్టి మా పేర్లు మేమే చెప్పొచ్చినట్టయింది. మొగుడికీ పెళ్లానికీ మధ్య ఉండాల్సిన మాట, కడుపులో ఉన్న మాట, ఎవరెప్పుడు ఎక్కడికి పోయారన్న మాట, అన్నీ ఆ యాప్ మోసుకుపోయి కంపెనీ బల్ల మీద పెడుతోంది. మేమేమో ఇక్కడ నోరున్న మనిషిని పట్టుకుని ఏడిపిస్తున్నాం. నాకు కంపెనీ మీద ఎంత కోపం వచ్చిందో మా మీద కూడా అంతే వచ్చింది.

అత్త రేడియో దగ్గరికి నడిచింది. క్షమించమని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. "పదవే, ఆ దుప్పటికి అవతలి కొసలు నేను పడతాను" అంది. రేడియో కళ్లు తుడుచుకుని, "ఏ దుప్పటి? నిన్ను కూడా వెళ్లగొట్టారుగా" అంది.

నవ్వొచ్చింది మాకు. ఆ నవ్వుతోనే గట్టి పని ఒకటి మొదలైంది.

మరుసటి పొద్దున షిఫ్టంతా కలిసే వచ్చాం, వెళ్లగొట్టినవాళ్లం, ఉంచినవాళ్లం అందరం. డ్రమ్మన్న లోపలి నుంచి ఖాళీ ట్రాలీ తోసుకొచ్చి గేటుకు అడ్డంగా పెట్టాడు. అత్త తన ఫోను తీసి అందులో వేసింది. తర్వాత రేడియో. తర్వాత నేను. నడివేసవిలో వడగళ్లు పడ్డట్టు టపటపా పడ్డాయి.

మేనేజర్ వచ్చాడు. "ఏంటిది? ఫోను లేకుండా హాజరెలా పడుతుంది?"

"కళ్లున్నాయిగా సార్, లెక్కపెట్టుకోండి" అంది అత్త. "ఆ యాప్ తీసేయండి. నా కోడల్ని పనిలోకి తీసుకోండి. మీటింగుకు పోయినవాళ్లని తీసుకోండి. అప్పటిదాకా ఒక్క దుప్పటి మడత పడదు."

"మిమ్మల్ని బలవంతం చేశామా? మీరే కదా ఓకే నొక్కారు."

"హాజరు కోసం నొక్కాం" అంది కోడలు. "నా కడుపు కోసం నొక్కలేదు."

మేనేజర్ పక్కకు తిరిగి పోలీసులకు ఫోన్ చేశాడు. జీపు వచ్చింది.

"ఎవరు మొదలుపెట్టారు ఇది?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"అందరం" అన్నాం.

ఇన్‌స్పెక్టర్ మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ చేతిలోని తెర వైపు చూసుకున్నాడు. రోజూ మా అడుగులన్నీ చూపించే ఆ తెర మీద ఇవాళ మేమంతా ఒకే చుక్క. ట్రాలీలో ఉన్నాం.

ట్రాలీ పిడి పట్టుకుని ఉందని అత్తను జీపెక్కించారు. ఎవరూ పిలవకుండానే రేడియో కూడా ఎక్కింది.

"నువ్వెందుకే?" అంది అత్త.

"స్టేషన్లో పలకరించే మనిషి కావద్దూ."

కోడలు జీపు దగ్గరికి పరుగెత్తబోయింది. "పరుగెత్తకు అమ్మాయ్" అని అరిచింది అత్త. తర్వాత గొంతు తగ్గించి, "నాలుగో నెలా?" అని అడిగింది. కోడలు తలూపింది. "జాగ్రత్త. నేనొచ్చాక అంతా నువ్వే చెప్పాలి, మొదటి నుంచి" అంది. జీపు కదిలిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఇంతచేసీ యాప్ పోలేదు, పనీ రాలేదు, ఇద్దరు మనుషులు మాత్రం పోయారు. చాలామంది మొహాలు వేలాడేశారు. ఒకామె ట్రాలీలోకి చేయి పెట్టి తన ఫోను వెతుక్కోబోయింది కూడా. ఆమెను నేను తప్పు పట్టలేదు.

అప్పుడే ఆస్పత్రి వ్యాను వచ్చి ఆగింది. వార్డులో మంచాల మీద వేయడానికి దుప్పట్లు లేవు, ఎందుకు రాలేదో కనుక్కోవడానికి ఒక ఆయాను పంపారు. ఆమె వ్యాను దిగి ట్రాలీలోకి తొంగి చూసింది. ఈ ఫోన్లన్నీ ఎందుకని అడిగితే కోడలే చెప్పింది. ఈసారి తన సంగతి తన నోటితోనే చెప్పుకుంది.

ఆయా చీర కొంగు చివర ముడి విప్పి ఫోను బయటికి తీసింది.

"మా వార్డుల్లో అందరికీ ఉంది ఈ యాప్" అంది. "పోయిన వారం మా అమ్మ పోయిన రోజు కూడా, శ్మశానంలో ఇంకా ఎంతసేపుంటావని ఆస్పత్రి ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. శ్మశానంలో ఉన్నానని ఎవరు చెప్పారా అని వారమంతా మా ఆడపడుచుతో మాటలు మానేశాను."

తన ఫోను ట్రాలీలో వేసింది. కోడలు ఒక్కతే ట్రాలీని జీపు పోయిన వైపు తోయబోతుంటే "నువ్వు బరువులు ఎత్తకూడదు" అని రెండో వైపు పిడి పట్టుకుంది.

"నువ్వెక్కడికి?" అంది కోడలు.

"ముందు స్టేషన్‌కి. తర్వాత మా వార్డులకి" అంది ఆయా. "అక్కడ ఇంకా చాలా ఫోన్లున్నాయి."

ఫోను వెతుక్కోబోయిన మనిషి ట్రాలీలోంచి చేయి తీసేసింది. మేమంతా వెనకే నడిచాం.