సగం గడ్డం

దిండు గలీబు అంచులు రెండు చేతులతో సాగదీసి పట్టుకుని ఎర్మిందా దాన్ని వేడి రోలరు కిందికి తోసింది. అవతలి వైపు నుంచి అది పలకలా బిగుసుకుని బయటికొచ్చింది. మడతపెట్టి, ఇంకొకటి తోసింది. సాన్ హొసేలోని ఆ హోటలు నేలమాళిగకు కిటికీలు లేవు. ఆవిరి, గంజి వాసన, మోచేతుల దాకా కాలిన మచ్చలు. మధ్యాహ్నానికి చీలమండలు వాచిపోతాయని, మడమల దగ్గర కోసేసిన పాత బూట్లనే చెప్పుల్లా ఈడ్చుకుంటూ ఇరవై ఏళ్లుగా ఆమె అక్కడే ఇస్త్రీ చేస్తోంది. ఇవాళ మాత్రం గోధుమరంగు మంచి బూట్లు తొడుక్కుంది.

"అక్కా, మళ్లీ పెళ్లికి పోతున్నావా ఏంటి?" అంది పక్క బల్ల దగ్గర యోర్లెని.

"చేసుకున్న పెళ్లి నిజమేనని చెప్పుకోవడానికి పోతున్నానే," అంది ఎర్మిందా.

ఆమె నలభై ఆరో ఏట పెళ్లాడింది. మొగుడు ఫెర్మిన్, సరిహద్దు నది అవతలి నికరాగువా నుంచి వచ్చిన మనిషి, గోడలు కట్టే మేస్త్రీ. కాగితాల కోసమే ముసలిదాన్ని కట్టుకున్నాడని వీధి వీధంతా నవ్వింది. ఎర్మిందా కూడా వాళ్లతో కలిసి నవ్వేసింది. అతనికి శాశ్వత నివాసం కోసం దరఖాస్తు పెట్టాక, ఇది దొంగపెళ్లి అని ఎవరో వలస కార్యాలయానికి ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

మొదటి విచారణలో అధికారిణి అడిగింది: "మీ ఆయన వసారాలో వేరే పడుకుంటాడట కదా?"

పడుకున్న మాట నిజమే. పరంజా మీంచి పడి నడుం పట్టేస్తే, వసారాలో చెక్కపలక మీద కొన్నాళ్లు పడుకున్నాడు. ఆ సంగతి తెలిసిన బయటివాడు ఒక్కడే. పలక మోసుకొచ్చిన ఒదిలియో. ఆమె తమ్ముడు. తల్లి పోయాక, హోటల్లో పని ముగించి ఇంటికొచ్చి మళ్లీ ఊరివాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి, వాణ్ణి పెంచి, మంగలి పని నేర్పించి, చేతికి కత్తెర ఇచ్చింది ఆమే. అమ్మ ఇల్లు ఆమె పేరు మీదుంది. అది ఒక నికా చేతికి, నికరాగువావాడి చేతికి పోతుందని వాడి ఏడుపు.

ఫోన్ చేసింది తమ్ముడేనని ఆమె ఫెర్మిన్‌కు చెప్పలేదు. అతను బావమరిది కనబడితే చెయ్యెత్తి పలకరిస్తూనే ఉన్నాడు. ఎర్మిందా మాత్రం రోలరు కిందికి తోసిన ప్రతి గుడ్డలోనూ తమ్ముడి ముఖాన్ని చూసుకుంటూ తోసేది.

ఈ వారం ఇంకోటి వచ్చి పడింది. నది అవతల రీవాస్‌లో ఫెర్మిన్ తల్లికి పక్షవాతం కొట్టి ఆసుపత్రిలో చేర్చారు. విచారణ తేలకముందే దేశం దాటితే దరఖాస్తు కొట్టేస్తారు. పొద్దున అతను ఫోను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు.

"పోయి రమ్మని ఒక్కమాట అనవేమే?" అన్నాడు.

"ఈ ఒక్కరోజు ఓర్చుకో. ఇవాళ తేల్చుకునే వస్తా."

తేల్చుకునే వచ్చింది. అధికారిణి ఈసారి ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, అతను మంచానికి ఏ వైపు పడుకుంటాడో, దేనికి కోపమొస్తుందో అడిగింది.

"గోడ వైపమ్మా. ఈ నాలుగు రోజుల్నుంచీ నిద్దట్లో వాళ్లమ్మని పిలుస్తున్నాడు. నేనే పలుకుతున్నా."

అధికారిణి కలం కింద పెట్టింది. "సోమవారం పొద్దున్నే ఆయన్ని తీసుకురండి. వేలిముద్రలు వేస్తే అయిపోయినట్టే. తల్లిని చూసి రావడానికి అప్పుడే అనుమతి రాసిస్తాను. అంతవరకు మాత్రం ఎక్కడికీ పంపకండి."

ఎర్మిందా బస్సెక్కింది. నేరుగా ఇంటికి పోవాల్సింది. కానీ బస్సు ఒదిలియో దుకాణం ముందు ఆగింది. శుక్రవారం సాయంత్రం. కూలి పని దిగొచ్చిన మగవాళ్లతో దుకాణం కిటకిటలాడుతోంది. అందరూ నది అవతలివాళ్లే. ఆమె దిగేసింది. విచారణ కోసం ఆపేసిన ఫోను సంచి అడుగునే ఉండిపోయింది.

"రా అక్కా, ఏంటిలా దారి తప్పావు?" ఒదిలియో ఒకడి చెంప మీద కత్తి నడుపుతూ నవ్వాడు.

"మీ బావకి వసారాలో పలక వేసింది ఎవడ్రా?"

"ఏ పలక?"

"వేసింది నువ్వే. ఆఫీసుకి ఫోన్ చేసిందీ నువ్వే."

"ఇంటి గొడవ ఇంట్లో మాట్లాడుకుందామే..."

ఆమె బల్ల మీదున్న వాళ్లవైపు తిరిగింది. "అయ్యా, మీ పీకల మీద కత్తి పెట్టే ఈ చెయ్యే, నికా అని నా మొగుణ్ణి పట్టించింది. మీలో కాగితాల్లేనోళ్లు ఉంటే చూసుకోండి. మీ కబుర్లన్నీ వీడు వింటూనే ఉంటాడు."

కుర్చీలో ఉన్నవాడు మెడచుట్టూ కట్టిన గుడ్డ లాగేసుకున్నాడు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో, అలాగే లేచాడు. "పదండ్రా," అన్నాడు. బల్ల మీదివాళ్లు ఒక్కొక్కరే టోపీలు తీసుకుని బయటికి నడిచారు. చివరివాడు గడప మీద ఉమ్మేశాడు.

"నీ చేతుల్లో పెరిగినోణ్ణే అక్కా," అన్నాడు ఒదిలియో.

"అందుకేరా. ఎక్కడ కోస్తే నీకు తెగుతుందో నాకు తెలుసు."

అక్కడితో పోనివ్వలేదు. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, గడ్డానికని వచ్చిన ప్రతివాడికీ చెప్పి వెనక్కి తిప్పి పంపింది. లోపల తమ్ముడు ఖాళీ కుర్చీని తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. అది చూస్తుంటే ఎండలో చల్లటి నీళ్లు తాగినట్టుంది ఆమెకు. వీధి దీపాలు వెలిగాక గాని లేవలేదు.

ఇంటి తలుపు తీసే ఉంది. పక్కింటి పెద్దావిడ దోన్యా ఎల్బా గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోంది.

"ఎక్కడికి పోయావే తల్లీ? అత్తగారు పోయిందట. పాపం నీకు ఫోన్ చేసి చేసి, వీధి చివరిదాకా నాలుగుసార్లు వెళ్లి చూసొచ్చాడు. ఇప్పుడే, ఆఖరి బస్సుకి పోయాడు. చెరుకుతోటల్లోంచి నది దాటించేవాడు ఎవడో దొరికాడట. తను చేరేదాకా అమ్మని మట్టిలో పెట్టొద్దని అక్కడివాళ్లకి చెప్పాడట, ఆ మాట నీకు చెప్పమన్నాడు."

ఎర్మిందా సంచి అడుగు నుంచి ఫోను తీసి వెలిగించింది. అతని పిలుపులు వరసగా వచ్చి పడ్డాయి. తిరిగి చేస్తే అందుబాటులో లేదంది.

దుకాణంలో అన్న మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆ మెట్టు మీద కూర్చున్న కాసేపు మాత్రం ఎవరైనా తిరిగి ఇస్తే బాగుండనిపించింది. సోమవారం అనుమతి రాసిస్తారన్న మాట అతనికి చేరకుండా నోట్లోనే ఉండిపోయింది. బూట్లు విప్పకుండానే లోపలికి వెళ్లి దీపం వేసింది.

కిటికీ గట్టు మీద అతని తాపీ ఉంది. సిమెంటు మరక లేకుండా కడిగి బోర్లించాడు. పిడికి చుట్టిన గుడ్డ ఇంకా తడి ఆరలేదు.