మాట అందించొద్దు

మా ఆవిడ బ్రిజీత్తకు పొద్దున్నే పేపరు కావాలి. పేపరంతా కాదు, పోయినవాళ్ళ ఫొటోలు వేసే పేజీ. పాలు లేని కట్టన్ చాయ తాగుతూ ఆ పేజీ పైకి చదివేది. ఎవరు పోయారు, ఏ ఊరు, పిల్లలెందరు, సమాధి ఏ చర్చి గుడిలో. నేను వల బాగు చేసుకుంటూ వినేవాణ్ణి. పెళ్ళయిన నాటి నుంచీ మా ఇంట్లో పొద్దు అలాగే మొదలయ్యేది.

షుగరు ఆమె కళ్ళకెక్కింది. ముందు చిన్న అక్షరాలు పోయాయి, తరవాత పెద్దవీ పోయాయి. పేపరు మాత్రం మాననివ్వలేదు. ఆ పేజీ తీసి, ఫొటోల మీద వేళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చునేది.

అందుకని నేను గ్రంథాలయంలో సాయంత్రం క్లాసుకు వెళ్ళాను. పెద్దవాళ్ళ చేత నాలుగో తరగతి పరీక్ష రాయిస్తారు అక్కడ. నేను మూడో తరగతితో సముద్రానికి పోయినవాణ్ణి. అక్షరాలు విడివిడిగా గుర్తున్నాయి. కలిస్తే మాత్రం ఎవరో తెలియనివాళ్ళలా చూసేవి. టీచరు జిన్సీ మా పేట పిల్లే, నన్ను చేట్టా, అంటే అన్నా, అని పిలుస్తుంది. నా పక్కన కొచ్చుత్రేస్య కూర్చునేది. కొబ్బరిపీచు తాడు పేనే ముసలావిడ.

నాకో చిక్కుంది. ఒడ్డు నుంచి అలివి వల లాగే జట్టుకు నేను పాట అందించేవాణ్ణి. ఏ పాటైనా ఒకసారి వింటే చాలు, ఉండిపోతుంది. క్లాసులోనూ అంతే. పాఠం ముందుగా జిన్సీ పైకి చదివేది, తరవాత కొచ్చుత్రేస్య ఆగి ఆగి చదువుతుంటే నా చెవి పట్టేసేది. నా వంతు వచ్చేసరికి పుస్తకం వైపు చూస్తూ గడగడా చెప్పేసేవాణ్ణి. అక్షరాలతో పని పడేది కాదు.

ఒక రోజు జిన్సీ ఫోను నిలబెట్టే స్టాండు తెచ్చింది.

"క్లీటస్ చేట్టా, ఆ కొబ్బరిచెట్టు పాఠం ఒక్కసారి చదవండి. రీలు పెడదాం."

"నన్నెవరు చూస్తారమ్మా?"

"ఆ తెల్లమీసం చాలు. మీరు చదవండి, మిగతాది నేను చూసుకుంటా."

కొచ్చుత్రేస్య నోట్లో తమలపాకు దవడకు నెట్టింది. "నన్ను తియ్యవేమే? నేనూ చదువుతానుగా."

"మీరు మాటమాటకీ ఆగుతారు అమ్మచ్చీ. మీరు ఆగితే చూసేవాళ్ళు ఆగరు."

నేను చదివాను. అంటే చెప్పాను. వేలు కూడా వరస మీద కదిపాను.

మర్నాటికి పేటలో ఎవరి ఫోనులో చూసినా నేనే. గల్ఫులో ఉన్నవాళ్ళు ఫోను చేసి ఏడ్చారు. చాయ కొట్టు దగ్గర స్థిమితంగా కూర్చోనివ్వలేదు.

"లేవండర్రా, మాస్టారొచ్చాడు!"

"ఏం చేట్టా, రేపట్నుంచి కలెక్టరాఫీసా, సముద్రమా?"

"చేపలకు కూడా పాఠం చెప్తాడేమో, అవే వచ్చి వలలో కూర్చుంటాయి."

నేను నవ్వి చాయ తాగాను. వాళ్ళ నవ్వులో ఎగతాళి లేదు, సంతోషమే ఉంది. అదే ఇబ్బంది. చదువు రాకముందే పొగడ్త వచ్చేసింది.

ఆ తరవాత క్లాసులో చదువు తగ్గింది. రోజూ ఎవరో ఒకరు స్టాండు ముందు నిలబడాలి. తడబడకుండా చెప్పగలిగే ముక్క ఒకటి బట్టీ పట్టాలి. పుస్తకం ఆ పేజీ దాటలేదు. కొచ్చుత్రేస్య రావడం మానేసింది.

ఆ రీలు మా ఫోనుకూ వచ్చింది. బ్రిజీత్త చెవి దగ్గర పెట్టుకుని వింది. మళ్ళీ పెట్టమంది. "ఎక్కడా తడబడలేదే! ఒక్క మాటైనా నాకు చెప్పావా?" అంది. ఆ సంతోషం చూసి రీలు మళ్ళీ పెట్టాను.

మర్నాడు చాయతో పాటు పేపరు నా ఒళ్ళో పెట్టింది.

"ఇవాళ ఎవరు పోయారు?"

పేజీ చూశాను. మొదటి ఫొటోలో కళ్ళజోడు పెట్టుకున్న బట్టతల మనిషి. కింద నల్లగా అక్షరాలు, ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి. ఎదురుగా బ్రిజీత్త చెవి ఒగ్గి కూర్చుంది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "చెల్లానం, పళ్ళిప్పరంబిల్ ఇంటి రాఫేల్. భార్య మేరీ. కొడుకులు ఇద్దరు, పడవ పని..."

బ్రిజీత్త చెయ్యి వచ్చి పేపరు మీద పడింది.

"రాఫేల్ కిందటి వానాకాలంలోనే పోయాడు. చదివింది నేనే. మనిషిని రెండుసార్లు చంపకు."

నేను పేపరు మీంచి వేలు తీసేశాను.

"ఆ రీలులో కూడా ఇంతేనా?"

"ఇంతే."

పేపరు తీసుకుని మడత మీద మడత పెట్టింది. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారమే పూజ అయ్యాక ఫాదరు నా భుజం మీద చెయ్యి వేశాడు. "క్లీటస్, తిరునాళ్ళ పూజలో బైబిలు మొదటి పఠనం నీదే. లోకమంతా చూసింది, మన గుడిలో మేము వినొద్దా?" చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. కాదనడానికి సందు దొరకలేదు.

సాయంత్రానికి జిన్సీ ఆ పేజీ ఫొటో పంపింది. దాని కింద తన గొంతుతో ఆ పఠనమంతా చదివి పంపింది. "రెండుసార్లు వినండి చేట్టా, మీకు వచ్చేస్తుంది" అని ఇంకో మాట.

ఫోను బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

"వింటావా?" అంది బ్రిజీత్త.

"వింటే ఇక చదవనక్కర్లేదు."

"వినకపోతే?"

"అందరి ముందూ ఆగిపోతాను."

"ఆగు. ఏమవుద్ది? పడవ మునుగుద్దా?"

నేను విననే లేదు. జిన్సీ పంపిన ఫొటోను పెద్ద కాగితం మీద వేయించుకుని కొచ్చుత్రేస్య ఇంటికి వెళ్ళాను. ఆవిడ తాడు పేనుతోంది.

"ఏం సినిమా హీరో, దారి తప్పావా?"

"చదవడం నేర్పమ్మా."

చాలాసేపు నవ్వింది. తరవాత ఓ తమలపాకు తీసి వరస మీద కప్పింది. ఒక్క అక్షరం కనపడేలా జరిపింది. అది చెప్పాక ఇంకొంచెం జరిపింది. ఎక్కడైనా చిక్కుకుని ఆవిడ మొహం చూస్తే, "నేను చెప్పను. నీ చెవి దొంగ. ఎత్తుకుపోద్ది" అనేది. తిరునాళ్ళ దాకా రోజూ వెళ్ళాను. అయినా ఆ కాగితం మొత్తం ఒక్కసారి కూడా ఆగకుండా దాటలేదు.

తిరునాళ్ళ రోజు గుడి నిండిపోయింది. బ్రిజీత్త మొదటి బల్ల మీద కూర్చుంది. నేను మెట్టెక్కగానే ఫోన్లు లేచాయి. జిన్సీ స్టాండు స్తంభం పక్కన ఉంది.

మొదటి వరస దాటింది. రెండో వరసలో ఒక ఊరి పేరు. ఇంటి దగ్గర దాటిన పేరే, అక్కడ అడ్డం పడింది. ఆగాను. ఎవరో దగ్గారు. గుడి పనిచూసే పౌలీ నా వెనక నుంచి మెల్లగా గొంతు సవరించుకుని, ఆ పేరు మొదటి ముక్క అన్నాడు.

"మాట అందించొద్దు!"

బ్రిజీత్త గొంతు గుడంతా మోగింది. కొందరు నవ్వారు. నవ్వు ఆగాక ఏ చప్పుడూ లేదు.

అలివి వల లాగేటప్పుడు పాటవాడికి ఊపిరి అందకపోతే జట్టు తాడు వదలదు. లాగదు కూడా. కాళ్ళు ఇసకలో దిగేసి బరువు పట్టుకుని నిలబడుతుంది, పాట మళ్ళీ వచ్చే దాకా. ఆ గుడిలో నాకు వాళ్ళందరూ అలాగే అనిపించారు.

వేలితో పేరు చివర కప్పాను. ఒక్కో అక్షరం తెరిచాను. పేరు వచ్చింది. తరవాతి మాటకు వెళ్ళాను. మళ్ళీ ఆగాను. మళ్ళీ వెళ్ళాను. చేతులు నొప్పి పుట్టి ఫోన్లు ఒక్కొక్కటీ దిగిపోయాయి. చివరి మాట చెప్పి తలెత్తేసరికి జిన్సీ స్టాండు ఒక్కటే నా వైపు చూస్తోంది.

బయట కొబ్బరిచెట్ల కింద జిన్సీ ఫోను చూపించింది. "ఆగినవన్నీ తీసేశాను చేట్టా. చూడండి ఎంత బాగా వచ్చిందో."

చూశాను. గడగడా పోతోంది.

"ఇది పాతదానిలాగే ఉందమ్మా."

ఆ పిల్ల నా మొహం వైపు చూసింది. "పాతది... మీరు చూసి చదవలేదు కదా?" అంది.

"లేదు."

"నాకు అనుమానం వచ్చింది. అడగలేదు."

"ఆగినవి ఉంచు."

"ఎవరూ చూడరు చేట్టా."

"చూడకపోనీ."

మొత్తం పెట్టింది. ఆ పిల్ల అన్నట్టే ఎవరూ చూడలేదు. చాయ కొట్టులో ఒకడు మాత్రం, "చేట్టా, సగంలో నిద్రపోయాను, తరవాత ఏమైంది?" అని అడిగాడు. క్లాసులో స్టాండు ఇంకా ఉంది, మూలన. పాఠం ముందుగా పైకి చదవడం జిన్సీ మానేసింది. ఎవరి ముక్క వాళ్ళే విప్పుకోవాలి. కొచ్చుత్రేస్య తిరిగి వచ్చింది. ముందు బల్ల కావాలని పోట్లాడి మరీ కూర్చుంది.

నా పరీక్ష ఇంకా కాలేదు. పొద్దున పేపరు మాత్రం నా ఒళ్ళోకే వస్తోంది. తమలపాకు అడ్డం పెట్టుకుని మొదలుపెడతాను.

"కు... కుంజు... కుంజువ..."

బ్రిజీత్త చాయ ఊదుకుంటూ వింటుంది. "నువ్వు పేరు పూర్తి చేసేలోపు వాడి ఏడోనాటి పూజ కూడా అయిపోద్ది."

"పోయినవాడికి తొందరేముంది?"

"వాడికి లేదు. నాకుంది తొందర. చదువు" అని, నేనెక్కడ ఆగానో అక్కడే తనూ ఆగి కూర్చుంటుంది. మాట అందించదు.