మైనస్‌కి కట్టిన ఎర్ర తీగ

నేను స్పీకరు పెట్టె లోపల నడుస్తున్నాను, అది నాకు వింతగా కూడా తోచడం లేదు, కాకినాడలో రోజూ నా స్పీకర్ల రిపేరు షాపుకి వెళ్ళే దారిలాగే ఉంది, కాకపోతే రెండు పక్కలా టేకు చెక్క గోడలు, కాళ్ళ కింద పెట్టెల్లో కుక్కే దూది, అందులో మడమల దాకా దిగబడుతూ పోతున్నాను. ఎదురుగా గోడకి మూడు గుండ్రటి కంతలు ఉన్నాయి. అడుగున దరువు పలికే పెద్ద కంతలోంచీ, పైన తాళాలు పలికే చిన్న కంతలోంచీ పగటి వెలుతురు పడుతోంది, మనిషి గొంతు పలికే నడిమి కంత మాత్రం చీకటిగా ఉంది. దాని కింద స్టూలు మీద సత్యలింగం మాస్టారు కూర్చుని ఉన్నారు. ఆయన పోయి ఏడు నెలలైందని నాకు తెలుసు, తెలిసీ చెప్పులు విడిచి నిలబడుతున్నాను, ఎందుకంటే ఆయన దగ్గర పని నేర్చుకున్న పదకొండేళ్ళూ నేను చెప్పులతో ఆయన గదిలోకి వెళ్ళలేదు.

మాస్టారు నన్ను చూసి ఏదో అంటున్నారు. పెదవులు కదులుతున్నాయి, ముందు బుస్సుమని గాలి వినిపిస్తుంది, ఆఖర్న దబ్బుమని మోత వినిపిస్తుంది, మధ్యలో ఉండాల్సిన మాట లేదు. వినపడలేదు మాస్టారూ అంటే ఆయన మళ్ళీ అంటారు, మళ్ళీ అదే బుస్సు, అదే మోత. నా ఒళ్ళు చల్లబడుతోంది, చచ్చిన మనిషిని చూసినందుకు కాదు, ఆ గొంతుని నేను నాలుగు రోజులుగా షాపులో వింటూనే ఉన్నందుకు.

నాలుగు రోజుల కిందట ఆయన భార్య మాణిక్యమ్మగారు ఇంట్లో ఆయన వాడుకున్న పాత స్పీకర్ల జతని నా దగ్గరికి పంపించారు. నలభై ఏళ్ళ నాటి పెట్టెలు, మధ్య స్పీకర్లలో కాగితం కోను చిరిగిపోయింది, వాటిని తీసేసి ఇప్పుడొచ్చే మంచివి బిగించమన్నారు. విప్పి చూస్తే రెండింటిలోనూ మధ్య స్పీకరుకి ఎర్ర తీగ మైనస్‌కీ, నల్ల తీగ ప్లస్‌కీ కట్టి ఉన్నాయి. ఆ తీగలు పోయిన ఏడాది ఆయనే స్వయంగా మార్చుకున్నవి. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయనకి చూపు సరిగ్గా ఆనేది కాదు, చెయ్యి కూడా వణికేది కదా, రంగు పోల్చుకోలేక తిరగేసి కట్టారనుకున్నాను, నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు సంతోషం కూడా వేసింది, అలాంటి పొరపాటుకే కదా నా చిన్నప్పుడు ఈ మనిషి నా వేళ్ళ మీద స్క్రూడ్రైవరు పిడితో కొట్టింది.

కొత్తవాటికి ఎర్ర తీగ ప్లస్‌కి కట్టి ఊరుకుంటే పోయేది. ఊరుకోకుండా మాణిక్యమ్మగారికి చెప్పాను, మాస్టారికి చివర్లో చూపు ఆనలేదమ్మా, తీగలు తిరగేశారని. ఆవిడ, ఆఖరి సంవత్సరంలో ఆయన ఇంకో నలుగురికి కూడా ఇలాంటి పెట్టెలు బాగుచేసి ఇచ్చారని, వాళ్ళకి చెప్పి నా దగ్గరికే పంపుతానని, పోయాక ఆయనకి చెడ్డ పేరు రాకూడదని అన్నారు. కొత్త స్పీకర్లతో గొంతు ఎక్కడో లోగదిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంటే, కొత్తవి కదా, నాలుగు రోజులు పాడితే సర్దుకుంటాయని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు.

ఇప్పుడు మాస్టారు స్టూలు మీంచి లేచి నా వైపు వస్తున్నారు, ఆయన అడుగు పడిన చోట దూది అణగడం లేదు. పరుగెత్తాలనుంది, వెనక ఉన్న దారి ఎప్పుడు మూసుకుపోయిందో చెక్క గోడ నా వీపుకి తగులుతోంది. రెండడుగుల దూరంలో ఆగి ఆయన మళ్ళీ ఏదో అని, నాకు వినపడలేదని గ్రహించి, విసుగ్గా తల విదిలించి అటు తిరిగిపోయారు. అటు తిరిగి, గోడకేసి చూస్తూ మాట్లాడితే, ప్రతి మాటా నా చెవి పక్కనే అన్నట్టు వినిపిస్తోంది.

"నా చెయ్యి వణికిందని ఎవడు చెప్పేడ్రా నీకు?"

"ఎర్ర తీగ మైనస్‌కి ఉంది మాస్టారూ. పొరపాటనుకున్నాను."

"అడిగేవా?"

"ఎవర్ని అడగను? మీరు లేరు కదా."

"పెట్టెని అడగాలి. పాటెట్టి వినాలి. విన్నావు, నీకు తెలిసింది కూడా. తెలిసే ఊరుకున్నావు."

వాన్లో తడిసినట్టు చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది. ఆయన ఇటు తిరగకుండానే, నువ్వు కూడా అటు తిరుగు అంటున్నారు. చచ్చిన మనిషికి వీపు చూపించడానికి నాకు ధైర్యం లేదు, అయినా ఆయన చెప్పిన పని చెయ్యకుండా ఉండటం నాకు ఎప్పుడూ చేతకాలేదు, కాళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. వీపు వెనక ఆయన జేబులో ఏదో తడుముకుంటున్న చప్పుడు. కొత్త స్పీకరు చేతికొస్తే చిన్న బ్యాటరీ సెల్లు ముట్టించి, కోను ముందుకి ఉబికితే కట్టింది సరే, లోపలికి పోతే తిరగబడినట్టు అని చూడటం ఆయన నాకు నేర్పిన మొదటి పని. ఆ సెల్లే ఇప్పుడు ఆయన చేతిలో ఉందని నాకు చూడకుండానే తెలుస్తోంది.

రెండు తీగల చల్లదనం పక్కటెముకలకి తగిలింది. నా రొమ్ము లోపలికి పోతోంది, ఇంకా పోతోంది, పోయిన చోటే ఉండిపోయింది, ఊపిరి రావడం లేదు, అరుద్దామంటే నా నోట్లోంచి కూడా బుస్సుమని గాలి, దబ్బుమని మోత, అంతే. మాస్టారు తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. ఎవర్నీ ఏదీ అడగని ఆ మనిషి నా వీపు వెనక నిలబడి బతిమాలుతున్నారు.

"ఆ నలుగురివీ విప్పకురా, అబ్బులూ. నేను మళ్ళీ వచ్చి కట్టలేను."

కళ్ళు తెరిచేసరికి షాపులో కుర్చీలో ఉన్నాను, మధ్యాహ్నం రెండు దాటింది, అన్నం తిన్న చెయ్యి సరిగ్గా కడుక్కోనైనా లేదు. మాస్టారి స్పీకర్లలో రేడియో మోగుతూనే ఉంది, వార్తలు చదువుతున్న ఆవిడ మాటల అంచులు మాత్రం బయటికి వస్తున్నాయి, నడుమ ఉన్న గొంతు ఎవరో నొక్కిపట్టినట్టు లోపలే ఉండిపోయింది. చాలాసేపు అటు చూడటానికి భయపడ్డాను. తర్వాత లేచి, రెండు పెట్టెలూ విప్పి, ఎర్ర తీగల్ని మళ్ళీ మైనస్‌కి కట్టి, రేడియో పెట్టాను. ఆవిడ నా ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని చదువుతున్నట్టు వినిపించింది. ఆ పెట్టెల తీరుకి మధ్య స్పీకర్ని అలా తిరగేస్తేనే దాని గొంతు మిగతా రెండింటికీ ఎదురు కొట్టకుండా వాటితో కలుస్తుందని మాస్టారికి తెలుసు, నాకు తెలియదు.

మాణిక్యమ్మగారికి ఫోన్ చేసి, మాస్టారు సరిగ్గానే కట్టారని, పొరపాటు నాదేనని చెప్పాను.

"పొద్దున్నే నలుగురికీ ఫోన్లు చేసేశాను బాబూ," అన్నారావిడ. "ఆయనకి కళ్ళు కనపడక తప్పు కట్టేరని నా నోటితో నేనే చెప్పేను. ఇప్పుడీ మాట నువ్వు చెప్పు. నంబర్లు రాసుకో."