పల్లపు చెక్క

“రేపు పొద్దున లారీలొస్తన్నయ్. పల్లపు చెక్క పూడిపిచ్చేస్తన్నా,” అన్నాడు హయాత్ కంచంలోంచి తల ఎత్తకుండా. వెంటనే, “పప్పులో ఉప్పేదీ?” అన్నాడు. రెండూ ఒకే గొంతుతో, చేను సంగతీ ఉప్పు సంగతీ ఒకటే అన్నట్టు.

యాస్మిన్ ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెట్టింది.

“దేంతో పూడిపిస్తారండీ?”

“చీమకుర్తి మడ్డితో. ఫ్యాక్టరీవాళ్ళే తోలి, వాళ్ళే చదును చేసిస్తారంట. చేను రోడ్డెత్తుకొచ్చిద్ది. ఇంక నీళ్ళు నిలబడే బాధే ఉండదు.”

ఆ మడ్డి ఏమిటో ఆమెకు తెలుసు. గ్రానైటు బండలు కోసేటప్పుడు నీళ్ళతో కలిసి కారే రాతిపిండి. తడిగా ఉంటే మీగడలా ఉంటుంది, ఎండితే గచ్చులా బిగుస్తుంది. పోయినేడు గట్టు అవతల చెంచయ్య తన చేలో ఓ మూలన పోయించుకున్నాడు. మొదటి వానకే అది కరిగి చేనంతా పరుచుకుంది. నాటిన మిరప మొక్కలు పసుపెక్కి, నిలబడ్డచోటే ఎండిపోయాయి. పైన నీళ్ళు నిలిచే ఉన్నాయి, కింద వేళ్ళు దాహంతో చచ్చాయి. ఇప్పుడా చేను దున్నినా కొంగలు వాలవు. వాటికి ఏరుకోడానికి అందులో పురుగే లేదు.

ఆ సంగతి చెబుదామని నోరు తెరిచింది. హయాత్ తలెత్తి చూశాడు. ఆమె ఉప్పు డబ్బాకి మూత పెట్టింది. పెళ్ళయిన కొత్తలో అతను ఒకే ఒక్కసారి కొట్టాడు. మళ్ళీ చెయ్యెత్తలేదని ఊరంతా అతన్ని మంచివాడంటుంది. మళ్ళీ ఎత్తాల్సిన అవసరమే రాలేదని ఊరికి తెలియదు. ఆ చూపు చాలు. అతను చెయ్యి కడుక్కుని బండెక్కి వెళ్ళిపోయాక కూడా ఆ కంచం ముందే కూర్చుండిపోయింది.

ఆమె కాపురానికొచ్చిన నాడు పల్లపు చెక్కంటే పలుగు దిగని నల్లరేగడి. పెళ్ళలు పెళ్ళలుగా లేచేది. ఏటా మేకల ఎరువు తట్టలతో మోసి చల్లింది. జనుము చల్లించి పూతకొచ్చినప్పుడు కలియదున్నమని అత్త నోటితో చెప్పించింది, తన నోటితో చెబితే జరగదు కాబట్టి. ఏళ్ళు పట్టింది. ఇప్పుడా మట్టి గుప్పిట్లో పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది, వాన పడ్డ మర్నాడు వానపాములు విసర్జించిన చిన్నచిన్న కుప్పలతో నిండిపోతుంది. మట్టి నమూనాకొచ్చిన అగ్రికల్చర్ అసిస్టెంటు జ్యోతిర్మయి, “ఇంత ప్రాణమున్న మట్టి ఈ చుట్టుపక్కల చూళ్ళేదండీ. ఏం చేశారు?” అని అడిగితే హయాత్ నవ్వి, “మన చెయ్యి అట్టాంటిది మేడమ్,” అన్నాడు. మీ ఆవిడ కూడా పొలం వస్తారా అంటే, “అబ్బే, ఇంట్లోనే ఉంటది. ఏయ్, మేడమ్‌కి టీ పెట్టు,” అన్నాడు. మిరపకోతల మంటకి తోలు ఊడిన వేళ్ళతో ఆమె గ్లాసు అందించింది. ఆ పిల్ల ఆమె వేళ్ళకేసి చూసింది. వెళ్ళేటప్పుడు యాస్మిన్‌కి ఫోన్ నంబరు ఇచ్చి వెళ్ళింది.

ఇప్పుడు ఆ నంబరుకే చేసింది.

“ఒకసారి పోస్తే తియ్యడం ఎవరివల్లా కాదు యాస్మిన్ గారూ. మట్టికి ఊపిరాడదు. మీరు ఎలాగైనా మీ వారిని ఒప్పించండి. పోనీ, నేనొచ్చి చెప్పనా?”

“వద్దమ్మా, వద్దు,” అని ఫోన్ పెట్టేసింది. ఒప్పించడమట! తను ఫోన్ చేసినట్టు అతనికి తెలిస్తే?

చెంచయ్య చేలోంచి మడ్డి పెళ్ళ ఒకటి, తమ చేలోంచి గుప్పెడు మట్టి తెచ్చింది. రెండు నీళ్ళ సీసాలు కోసి, అడుగున చిల్లులు పెట్టి, రెంటినీ నలిపి నింపి నీళ్ళు పోసింది. నల్లమట్టి నీళ్ళు తాగి కిందికి బొట్లు విడిచింది. మడ్డి మీద పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి. అత్త సర్దార్‌బీ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ చూసింది.

“చూశావా అత్తా?”

“చూశా. వాడితో పెట్టుకోమాక అమ్మాయ్,” అంది అత్త. చూపు మాత్రం ఆ నిలిచిన నీళ్ళ మీదే ఉంది.

పొద్దున్నే యాస్మిన్ చేలోకి పరిగెత్తేసరికే మొదటి లారీ గట్టు పక్కన కుమ్మరించి వెళ్ళిపోయింది. తెల్లటి కుప్ప, తడిగా, నల్లమట్టి మీదికి మెల్లగా జారుతోంది. రెండో లారీ చేలోకి తిరుగుతోంది. ఏం చేస్తోందో తనకే తెలియకుండా దాని ముందుకెళ్ళి నిలబడింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. హయాత్ రోడ్డు మీంచి దిగి వచ్చాడు.

“ఇంటికి పో.”

చెమటకి రవిక వీపుకంటుకుపోయింది.

“నలుగుర్లో నా పరువు తీస్తన్నావ్. పో అన్నానా!”

పోవాలనే అనుకుంది. నిజంగానే అనుకుంది. కాళ్ళే కదల్లేదు. అప్పుడే గట్టు మీద అత్త కనబడింది, చెప్పుల్లేకుండా, గబగబా. తన జుట్టు పట్టుకుని ఇంటికి ఈడ్చుకుపోవడానికే వస్తోందనుకుంది. అత్త ఆమెను దాటి నేరుగా లారీ దగ్గరికెళ్ళి తలుపు మీద చరిచింది.

“నాయనా, ఈ చేను నా పేరు మీదుంది. నన్నెవురూ అడగలా.”

మావయ్య పోయాక పట్టా అత్త పేరుకి మారింది. అయినా అందరూ దాన్ని హయాత్ చేననే అంటారు. యాస్మిన్ కూడా అంతే.

“అమ్మా, నీకు తెలవదు. నువ్వు ఇంట్లోకి పో,” అన్నాడు హయాత్.

“ఇన్నేళ్ళూ ఇంట్లోనేగా ఉన్నాన్రా నేను.”

డ్రైవరు ఇద్దర్నీ మార్చిమార్చి చూశాడు. “మాకెందుకన్నా ఈ గొడవ? ముందు మీ ఇంట్లో తేల్చుకోండి,” అని లారీ వెనక్కి తిప్పాడు.

హయాత్ కేకలెయ్యలేదు. వేస్తే ఇంత భయమేసేది కాదు. బండి తీస్తూ, “సాయంత్రం వస్తా. అప్పుడు మాట్లాడతా ఇద్దరితో,” అన్నాడు నెమ్మదిగా.

బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆడవాళ్ళిద్దరూ కదల్లేదు.

“భయమేస్తందా?” అంది అత్త.

“ఏస్తంది అత్తా.”

“నాక్కూడానే.” ఆమె పొదిలి ఊరి వైపు ఆకాశం చూసింది. మబ్బు పట్టి ఉంది. “వానొస్తే ఇదంతా చేలోకి కారిపోద్ది. తట్ట తీసుకురా.”

యాస్మిన్ పాకలోంచి పార, రెండు తట్టలు తెచ్చింది. మడ్డి అప్పుడే అంచుల్లో బిగుసుకుంటోంది. అత్త పారతో తీసి నింపుతుంటే ఆమె ఎత్తుకుని రోడ్డు పక్కన పొయ్యసాగింది. ఇంట్లో పొయ్యి వెలిగించలేదని మధ్యలో గుర్తొచ్చింది. ఇంకో తట్ట ఎత్తుకుంది. సాయంత్రం అతను మాట్లాడాలనుకుంటే వంటింట్లోకి కాదు, ఇక్కడికి రావాలి.